కరెంటు దెబ్బ – కూలివాని హక్కు

సాయంకాలమున మీట త్రిప్పగానే మన యింట రేడియో పలుకును. ఆ పెట్టెకు ప్రాణము పోయునది గోడలో దాగిన సన్నని తీగ. అదే విద్యుత్తు వీధి స్తంభముల మీదుగా మిద్దెల అంచున సాగిపోవునప్పుడు, ప్రక్కనే మేడ కట్టుచున్న కూలివానికి ప్రాణాపాయము కూడ కాగలదు. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ కూలివాని కథ. అతనికి చట్టము ఏ కాలమున ఏమి ఇచ్చినదో, ఏమి ఇవ్వలేదో తెలుపు కథ.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో నేడు ఏ వీధికి పోయినను పాత మిద్దెల మీద కొత్త అంతస్తులు లేచుచున్నవి. క్రింద నున్నవాడు పొడుగాటి కంబి నందించును. సారువ మీద నున్నవాడు దాని నందుకొని త్రిప్పును. ఆ త్రిప్పుటలో కంబి కొన తీగకు తగులును. చేయి కాలి, పైనుండి పడిన మనిషిని ఆటోలో వేసికొని ఆసుపత్రికి పరుగెత్తుదురు. పది దినముల పిమ్మట మేస్త్రీ కొంత, ఇంటివారు కొంత సొమ్ము చేతిలో పెట్టి, “చూచుకొని పని చేయవద్దా?” అని మందలించి, ఒక కాగితము మీద వ్రేలిముద్ర వేయించుకొందురు. అంతటితో ఆ కథ ముగిసినదని అందరును తలంతురు.

ఆ మందలింపును కొంచెము పరిశీలింపుడు. “తప్పు ఎవరిది?” అను ప్రశ్న అందులో ఉన్నది. తప్పు నీదైనచో నష్టమును నీదే యని దాని భావము. నిజమునకు ఈ ప్రశ్నను మన దేశపు చట్టము నూరేండ్ల క్రిందటనే చాల వరకు ప్రక్కకు నెట్టినది. కాని ఆ సంగతి నేటికిని సారువ దాక ఎక్కలేదు.

కోల్పోయిన మనిషికి బదులుగా కుటుంబమునకు ఆధారము చూపవలెనను భావము మన సీమకు కొత్త గాదు. కన్నడ దేశమునను, దానిని ఆనుకొనియున్న ఈ సీమలోను, యుద్ధమున మడిసిన వీరుని కుటుంబమునకు భూమి నిచ్చు ఆచార ముండెను. శాసనములలో దానికి ‘నెత్తరుకొడగె’ యని పేరు. నెత్తురునకు ప్రతిగా ఇచ్చిన మాన్యమని అర్థము. అయితే అది రాజు దయచేసిన దానము. అడిగి పుచ్చుకొను హక్కు కాదు. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆ కొండమీది కోటగోడలను చూచువారికి రాజుల పేర్లు జ్ఞప్తికి వచ్చును. ఆ రాళ్ళు మోసిన చేతులలో ఎన్ని నలిగినవో చెప్పు శాసనము మాత్రము కనబడదు.

ఆంగ్లేయుల పాలనతో ఆంగ్ల న్యాయసూత్రములును వచ్చినవి. ఆ సూత్రముల కఠినత్వమును తెలిసికొనుటకు 1837 నాటి యొక ఇంగ్లండు వ్యాజ్యెము చాలును. ఒక మాంస వ్యాపారి వద్ద పని చేయు కుఱ్ఱవాడు, మోయలేని బరువు వేసిన బండి విరుగుటచే గాయపడెను. యజమానిపై అతడు తెచ్చిన దావా నిలువలేదు. ఆ తీర్పు మొదలుకొని యజమానులకు మూడు డాళ్ళు దొరికినవి. తోటి పనివాని పొరపాటు వలన దెబ్బ తగిలినచో యజమాని బాధ్యుడు కాడు. పనిలోని అపాయము తెలిసియే చేరినవాడు అడుగరాదు. తన నిర్లక్ష్యము కొంత ఉన్నవాడును అడుగరాదు. ఈ మూడింటిని దాటి న్యాయస్థానమున గెలిచిన కూలివారు అరుదు.

మన దేశమున 1855లో ప్రాణనష్ట ప్రమాదముల చట్టము వచ్చినది. ఒకరి తప్పిదముచే మరణించినవాని భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు దావా వేయుటకు అది దారి తీసినది. కాని ఎదుటివాని తప్పును రుజువు చేయు భారము వారిమీదనే యుండెను. దినకూలి చేయువాని భార్య స్టాంపులు కొని, వకీలును పెట్టి, సంవత్సరముల తరబడి సివిలు కోర్టు మెట్లెక్కుట యెట్లు సాధ్యము?

ఇంతలో ఐరోపాలో ఆలోచన మారినది. 1884లో జర్మనీ ప్రమాద భీమా చట్టమును చేసినది. 1897లో ఇంగ్లండు తన పరిహార చట్టమును చేసినది. “తప్పు ఎవరిది?” యని అడుగుట మాని, “దెబ్బ పనివలన, పనిలో తగిలినదా?” యని అడుగుట ఈ చట్టముల ప్రత్యేకత. యంత్రమునకు మరమ్మతు ఖర్చు ఎట్లు వ్యాపారపు ఖర్చో, మనిషికి కలిగిన హానియు అట్లే వ్యాపారపు ఖర్చు అని వాని యాంతర్యము. అయినను ఇంగ్లండు చట్టము గృహనిర్మాణ పనివారిని పూర్తిగా చేరదీయలేదు. ముప్పది అడుగులకు మించిన ఎత్తు గల కట్టడమున సారువపై జరుగు పనులకే దాని రక్షణ కలిగినది. చిన్న యింటి పనివాడు వెలుపలనే నిలిచెను.

భారత ప్రభుత్వము 1921లో ఈ విషయమై అభిప్రాయములు సేకరించి, 1922లో ఒక సమితిచే పరిశీలింపజేసినది. 1923లో శ్రామిక పరిహార చట్టము శాసనమైనది. 1924 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. పనివలన, పని సమయమున కలిగిన ప్రమాదమునకు యజమాని పరిహార మీయవలెను. అతని తప్పు రుజువు చేయనక్కరలేదు. విచారణకు సివిలు కోర్టునకు బదులు కమీషనరు అను అధికారి యేర్పడెను.

కాని ఆ మొదటి చట్టము చేయి చాలనిది. మరణమునకు ముప్పది నెలల జీతము, లేదా 2,500 రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువయో అది. శాశ్వతముగా ఏ పనికిని పనికిరానివానికి నలువదిరెండు నెలల జీతము, లేదా 3,500 రూపాయలు, ఇందులోను తక్కువది. గృహనిర్మాణములో ఒక అంతస్తు మించిన కట్టడముల పనివారికే రక్షణ. అంతకంటె చేటైన మాట యొకటి కలదు. యజమాని వృత్తి వ్యాపారములకు సంబంధింపని పనికి అప్పటి కప్పుడు పిలువబడిన తాత్కాలిక కూలి ‘శ్రామికుడు’ కాడని ఆ చట్టము నిర్వచించినది. ఉదయమున కూడలిలో నిలిచి, పిలిచినవాని వెంట పోవు కూలివారిలో ఎందరినో ఆ యొక్క వాక్యమే గడప వెలుపల నిలిపినది.

ఆ గడపను అరుగదీయుటకు ముప్పాతిక శతాబ్దము పైగా పట్టినది. మొదట పది దినములకు మించి పని చెడిననే పరిహారము. 1933లో అది ఏడు దినములకు, 1959లో మూడు దినములకు తగ్గినది. 1984లో ‘రెంటిలో తక్కువది’ యను లెక్క పోయి, వయస్సును బట్టి గుణకము ఏర్పడెను. వయస్సు తక్కువైన కొలది గుణకము ఎక్కువ. ఏలయన అతడు కోల్పోయిన సంపాదన కాలము ఎక్కువ. 2000 సంవత్సరపు సవరణలో తాత్కాలిక కూలిని వెలివేసిన ఆ వాక్యమును తొలగించిరి. 2009 నాటి సవరణ 2010 జనవరి 18 నుండి అమలై, చట్టము పేరునే ఉద్యోగుల పరిహార చట్టముగా మార్చినది. వైద్యమునకైన నిజమైన ఖర్చును యజమానియే భరింపవలెనని చేర్చినది.

చట్టపు అక్షరములకు ప్రాణము పోసినది న్యాయస్థానము. మన పొరుగుననే, ఒరిస్సా రాష్ట్రపు కోరాపుట్ జిల్లా జయపురములో, ఒక సినిమా హాలులో అలంకారపు పని చేయుచున్న వడ్రంగి 1968 జూలై 6న క్రింద పడెను. అతని యెడమ చేయి తీసివేయవలసి వచ్చినది. చట్టపు పట్టికలో ఆ గాయమునకు వేసిన శాతమే ఈయవలెనని, నూటికి నూరుపాళ్ళు ఈయనక్కరలేదని యజమాని వాదించెను. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక ఆ వృత్తికి అతని శక్తి పూర్తిగా నశించినట్లే యని నిర్ణయించినది. పరిహారము తీర్పు వచ్చిన నాడు గాక, ప్రమాదము జరిగిన నాడే చెల్లవలసిన బాకీ యనియు చెప్పినది. కరెంటు దెబ్బకు చేయి పోయిన బేల్దారికి ఈ తీర్పు ఎంత దగ్గరి చుట్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక విద్యుత్తు సంగతి. 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టము, 1956 నాటి నియమములు తీగలకును కట్టడములకును నడుమ ఉండవలసిన దూరమును నిర్ణయించినవి. ఇండ్లకు వచ్చు తక్కువ వోల్టేజి తీగ మిద్దె మీదుగా పోయినచో 2.5 మీటర్ల ఎత్తున, ప్రక్కగా పోయినచో 1.2 మీటర్ల దూరమున ఉండవలెను. 11 కిలోవోల్టుల తీగ ప్రక్కగా 1.2 మీటర్లు, పైగా పోయినచో 3.7 మీటర్లు ఎడముగా ఉండవలెను. తీగల దాపున కొత్తగా కట్టడము లేపువారును, సారువ కట్టువారును ముందుగా విద్యుత్ సరఫరాదారునకును, తనిఖీ అధికారికిని తెలియజేయవలెనని ఆ నియమములలో కలదు. ఈ సంగతి మేడ కట్టు ప్రతి గృహస్థును ఎరుగవలసినది. 2003లో కొత్త విద్యుత్ చట్టము వచ్చినది. ప్రమాదము జరిగినప్పుడు తెలియజేయుట, అధికారిచే విచారణ జరిపించుట దాని 161వ విభాగమున ఉన్నవి.

తీగ తనంతట తెగిపడి మనిషిని చంపినచో, సరఫరా సంస్థ తప్పును రుజువు చేయవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నీటి కథలోనికి పోవలెను. 1868లో ఇంగ్లండు ప్రభువుల సభ యొక సూత్రము నేర్పరచినది. అపాయకరమైన వస్తువును తన నేలపై నిలువచేసినవాడు, అది తప్పించుకొని పోయి ఇతరులకు హాని చేసినచో, తప్పు లేకున్నను బాధ్యుడు. ఆ వ్యాజ్యెము ఒక మిల్లుకై త్రవ్వించిన జలాశయము నుండి నీరు గనిలోనికి పోయినందుకు వచ్చినది. కొద్ది కాలమునకే మన చిత్తూరు సీమలోని కార్వేటినగరము జమీందారు చెరువులు వఱదకు తెగి, మద్రాసు రైల్వే వంతెనలను కొట్టుకొనిపోయినవి. రైల్వే కంపెనీ ఆ సూత్రమునే చూపి దావా వేసినది. 1874లో ప్రివీ కౌన్సిలు దానిని అంగీకరింపలేదు. ఈ దేశమున చెరువు సొంత లాభమునకు నిలిపిన అపాయము గాదు, ప్రజల జీవనాధారము, దానిని కాపాడుట జమీందారు విధి. కనుక నిర్లక్ష్యము రుజువైననే బాధ్యత యని చెప్పినది. చెరువుల మీద బ్రతుకు సీమవారము మనము. ఆ తీర్పులోని న్యాయమును గ్రహింపగలము.

విద్యుత్తు విషయమున మాత్రము తక్కెడ ఇటు మొగ్గినది. 1997లో మధ్యప్రదేశమున ఒక కార్మికుడు రాత్రివేళ వానలో సైకిలుపై ఇంటికి పోవుచు, నీటిలో తెగిపడియున్న తీగను త్రొక్కి మరణించెను. ఎవరో దొంగతనముగా కరెంటు లాగుకొనిరి, మా తప్పు గాదని విద్యుత్ మండలి వాదించినది. 2002 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట చెల్లదన్నది. ఇంతటి అపాయకరమైన శక్తిని సరఫరా చేయు సంస్థ, తన జాగ్రత్త తాను తీసికొన్నను, హానికి బాధ్యత వహింపవలసినదే యని తేల్చినది. కనుక తీగ నియమమునకు మించి క్రిందికి వ్రేలాడుట చేతనో, తెగిపడుట చేతనో కూలివానికి దెబ్బ తగిలినచో, యజమానితో పాటు సరఫరా సంస్థను గూర్చియు ఆలోచింపవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఒకే గాయమునకు పరిహారపు కమీషనరు వద్దను, సివిలు కోర్టులోను రెండు చోట్ల అడుగుటకు వీలు లేదు. యజమానిపైన గాని, మరియొకరిపైన గాని నష్టపరిహారపు దావా వేసినవానికి కమీషనరు వద్ద హక్కు పోవును. కమీషనరు వద్ద అర్జీ వేసినవానికి దావా మార్గము మూసికొనును. కమీషనరు మార్గము దగ్గరిది. తప్పు రుజువు అక్కరలేదు, లెక్క ముందే నిర్ణయమైనది. దావా మార్గము దూరము. కాని ఎక్కువ మొత్తము రావచ్చును. మొదటి అడుగు వేయుటకు ముందే న్యాయవాది సలహా తీసికొనుట మేలు.

దగ్గరి మార్గమున ఎంత వచ్చును? 2020 జనవరి 3 నాటి ప్రకటన ప్రకారము నెలకు 15,000 రూపాయల వరకు జీతమును లెక్కకు తీసికొందురు. మరణమైనచో అందులో సగమును వయస్సు గుణకముచే హెచ్చింతురు. ముప్పది యేండ్ల వానికి గుణకము 207.98. అనగా 7,500 రూపాయలను దానితో హెచ్చింపగా 15,59,850 రూపాయలు. శాశ్వతముగా పూర్తి అశక్తుడైనచో నూటికి అరువది పాళ్ళు చొప్పున 18,71,820 రూపాయలు. బొటనవ్రేలు మాత్రము పోయినచో శక్తిలో నూటికి ముప్పది పాళ్ళు నష్టమని పట్టిక చెప్పును. ఆ లెక్కన 5,61,546 రూపాయలు. నెల దాటినను చెల్లింపకున్నచో నూటికి 12 వంతున వడ్డీ, సరియైన కారణము లేనిచో సగము వరకు జరిమానా. వ్రేలిముద్ర వేయించుకొని చేతిలో పెట్టు సొమ్మును ఈ అంకెల ప్రక్కన పెట్టి చూడుడు.

ఆ వ్రేలిముద్రకు విలువ యెంత? హక్కును వదలుకొంటినని వ్రాయించుకొన్న ఒప్పందము చెల్లదని చట్టము 1923 నుండియు చెప్పుచున్నది. మరణమైనప్పుడు పరిహారమును కమీషనరు వద్దనే కట్టవలెను. చేతికి ఇచ్చినది పరిహారపు చెల్లింపు కాదు. “నీ అజాగ్రత్తయే” యను మాటయు చెల్లదు. త్రాగి యుండుట, కావలెనని ఆజ్ఞను ధిక్కరించుట, రక్షణ సాధనమును బుద్ధిపూర్వకముగా తీసివేయుట – ఈ మూడే మినహాయింపులు. మరణమునకును, శాశ్వత పూర్తి అశక్తతకును ఆ మినహాయింపులు కూడ వర్తింపవు. వట్టి పొరపాటు హక్కును హరింపదు.

అట్లయిన కూలివాడు ఓడునది యెక్కడ? మా దృష్టిలో అతడు ఓడునది ఒక్క చోటనే: “వీడు నా వద్ద పని చేయలేదు” అను మాట దగ్గర. ధర్మవరములో మగ్గపు ఇంటిపై గది వేయించువాడు మేస్త్రీని చూపును. మేస్త్రీ గుత్తేదారును చూపును. గుత్తేదారు మరియొకని చూపును. మస్టరులో పేరు ఉండదు, కూలి చీటీ ఉండదు. తన వ్యాపారములో భాగమైన పనిని గుత్తకిచ్చినచో అసలు యజమానియే బాధ్యుడని 12వ విభాగము మొదటి నుండియు చెప్పుచున్నది. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కార్ల కర్మాగారము వంటి పెద్ద నిర్మాణములలో గుత్తమీద గుత్త నడుచుట వాడుక; అచట ఈ విభాగము కూలివానికి అండ. సొంత యిల్లు కట్టుకొను గృహస్థునకు అది వర్తించుట కష్టము. ఇల్లు కట్టుట అతని వ్యాపారము కాదు గదా. అతడే నేరుగా కూలికి పిలిచినచో మాత్రము, 2000 నాటి సవరణ తరువాత, అతడే యజమానియని వాదింప వీలు కలదు.

ఈ చిక్కును గ్రహించియే కాబోలు, 1996లో పార్లమెంటు గృహనిర్మాణ కార్మికులకు ప్రత్యేక చట్టమును చేసినది. నిర్మాణపు ఖర్చుపై నూటికి ఒకటి మొదలు రెండు వంతుల వరకు సుంకము వసూలు చేసి, రాష్ట్ర సంక్షేమ మండలి ద్వారా కార్మికులకు వినియోగించుట దాని పద్ధతి. పదునెనిమిది నుండి అరువది యేండ్ల లోపు వయస్సు గలిగి, గడచిన సంవత్సరములో 90 దినములు పని చేసినవాడు పేరు నమోదు చేసికొనవచ్చును. ఈ సహాయమునకు ఫలానావాడు నా యజమాని యని నిరూపింప నక్కరలేదు. అదియే దీని గొప్పతనము.

2019, 2020 సంవత్సరములలో పార్లమెంటు పాత కార్మిక చట్టములను నాలుగు స్మృతులుగా కూర్చినది. 2025 నవంబరు 21న అవి అమలులోనికి వచ్చినవి. 1923 నాటి చట్టపు సారము సామాజిక భద్రతా స్మృతిలో చేరినది. ఇంటి నుండి పనికి పోవుచు, తిరిగి వచ్చుచు కలుగు ప్రమాదములను కూడ, పనితో సంబంధము తేలినచో, ఆ స్మృతి లెక్కలోనికి తీసికొన్నది. పేర్లు మారినను, మూలసూత్రము 1924 నాటిదే.

కాబట్టి ప్రమాదము జరిగిన దినమున చేయదగినది స్వల్పము, కాని అమూల్యము. ముందు కరెంటు ఆపి, తరువాతనే మనిషిని ముట్టవలెను. ఆసుపత్రి చీటీలో ‘పనిలో కరెంటు దెబ్బ’ యని వ్రాయించవలెను. పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించి నకలు పుచ్చుకొనవలెను. తీగ, కంబి, సారువ ఉన్నవి ఉన్నట్లు ఫోటో తీయవలెను. తోటి కూలీల పేర్లు వ్రాసి పెట్టవలెను. కూలి ఫోను ద్వారా జమ అయి యుండినచో ఆ వివరమును దాచవలెను. అదియే నేటి మస్టరు. యజమానికి వ్రాతమూలకముగా తెలియజేసి, రెండు సంవత్సరముల లోపల అర్జీ వేయవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, పారిశ్రామిక కార్మికులకును, ఆదాయము తక్కువైనవారికిని 1987 నాటి న్యాయసేవల చట్టము ఉచితముగా వకీలు నిచ్చును. ఈ మూడు పట్టణములందును న్యాయస్థానములున్నవి. అచటి న్యాయసేవా సంఘమును అడిగిన చాలును.

పెనుకొండ కోటకు రాళ్ళెత్తినవారికి ఏ గాయమునకు ఎంత యని చెప్పు పట్టిక లేదు. నేటి కూలివానికి ఆ పట్టిక ఉన్నది. దానిని తెలిపినవారే లేరు. రేడియో గల ఇండ్లు చాల వరకు ఎప్పుడో ఒకప్పుడు మేస్త్రీని పిలిచిన ఇండ్లే. రేపు మన మిద్దె మీద పని మొదలగు నాడు, తీగ యెంత దూరమున ఉన్నదో ఒకసారి తల యెత్తి చూతము. పని చేయువారి పేర్లను ఒక నోటుపుస్తకమున వ్రాయుదము. ఆ ఒక్క పుట వారి కుటుంబమునకు నెత్తరుకొడగె కంటె గట్టి పట్టా కాగలదు.